‘సమాజం మారాలి’ అని ఎవరికి చెబుతున్నట్టు?

డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల్లో సామాజిక సమస్యల మీద విద్యార్థులు ఇచ్చే ప్రెజెంటేషన్లు ఓ పది వరసగా చూస్తే, చివరి స్లైడుకు వచ్చేసరికి అన్నీ ఒకే తీరుగా ఉంటాయి. అంశం వరకట్నం కావచ్చు, బాల్య వివాహాలు కావచ్చు, ప్లాస్టిక్, డ్రగ్స్, బెట్టింగ్ యాప్‌లు, ఏదైనా కావచ్చు. ‘సమాజం మారాలి. మార్పు మనతోనే మొదలవ్వాలి’ అని ఒక వాక్యం, దాని కింద దండం పెడుతున్న రెండు చేతుల బొమ్మ, ఆ తర్వాత థాంక్యూ. చప్పట్లు. తర్వాతి రోల్ నంబర్.

చప్పట్లయ్యాక తోటి విద్యార్థులు ఫీడ్‌బ్యాక్ కాగితం నింపాలి. కొన్ని చోట్ల దీనికి మార్కులు కూడా ఉంటాయి. అందులో రాసేది ఇంచుమించు ఇలా ఉంటుంది: ‘టాపిక్ బాగుంది. స్లైడ్లు నీట్‌గా ఉన్నాయి. కొంచెం టెన్షన్ పడ్డాడు. ఐ కాంటాక్ట్ ఇంకాస్త ఉండాల్సింది.’ పేరు మార్చి ఇదే కాగితాన్ని క్లాసులో అరవైమందికీ ఇవ్వొచ్చు. గొంతు గురించి రాశారు, చేతుల గురించి రాశారు, చూపు గురించి రాశారు. అతను చెప్పినదాన్ని ఎవరైనా నమ్మారా, నమ్మితే దేన్ని బట్టి నమ్మారు, నమ్మకపోతే ఎక్కడ ఆగిపోయారు అన్నది ఎక్కడా కనపడదు.

ఇంగ్లిష్ పాఠాల్లో రెటరిక్ అనే మాట వస్తే దాని పని ఇదే. తెలుగులో దానికి కుదిరే మాట దొరకడం కష్టం. అలంకారశాస్త్రం అంటే విద్యార్థికి ఉపమ, ఉత్ప్రేక్ష గుర్తొస్తాయి. వాక్చాతుర్యం అంటే మాటకారితనం అనిపిస్తుంది, మాటకారి అన్నది మన ఇళ్లలో పూర్తి మెప్పు కాదు. ఇక రాజకీయ చర్చల్లో ‘అదంతా ఉత్త రెటరిక్’ అంటే ఉత్త మాటలనే అర్థం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పిన అర్థం వీటన్నిటికంటే నిదానమైనది. ఏ సందర్భానికి ఆ సందర్భంలో, ఎదుటివాళ్లను ఒప్పించడానికి ఏయే దారులున్నాయో చూడగలగడమే రెటరిక్ అన్నాడాయన. నోరు తెరవడం ఆ తర్వాతి సంగతి. చెప్పేవాడి మీద కుదిరే నమ్మకం ఈథోస్, వినేవాళ్ల మనసులో లేచే భావం పేథోస్, చెప్పిన మాటలోని తర్కం లోగోస్. ఈ మూడూ ఇప్పుడు రెటరిక్ మీద ప్రెజెంటేషన్ ఇచ్చే ప్రతి బ్యాచ్ స్లైడ్ల మీదా మూడు రంగుల గుండ్రాలుగా కనిపిస్తూనే ఉన్నాయి. గుండ్రాలు గీసిన తర్వాత వాటితో ఏం చేయాలన్న దగ్గరే బండి ఆగిపోతుంది.

ఇంకో విభజన మనకు చాలా దగ్గరలో ఉంది. కాకతీయ ప్రతాపరుద్రుడి ఆస్థానంలో, ఓరుగల్లులో ఉన్న విద్యానాథుడు తన సంస్కృత అలంకార గ్రంథం మొదట్లోనే దాన్ని చెప్పాడు. వేదం ప్రభువులా ఆజ్ఞాపిస్తుంది, అది ప్రభుసమ్మితం. పురాణం స్నేహితుడిలా నచ్చజెబుతుంది, అది సుహృత్సమ్మితం. కావ్యం ప్రియురాలిలా మనసు కరిగించి తన దారికి తెచ్చుకుంటుంది, అది కాంతాసమ్మితం. ఒకే మంచిమాటను మూడు గొంతులతో చెప్పొచ్చు. మూడింటిలో వినేవాడి స్థానం మారిపోతుంది. మొదటిదాంట్లో వాడు సేవకుడు, రెండోదాంట్లో సాటివాడు, మూడోదాంట్లో ప్రేమకు లొంగినవాడు. క్లాసురూము ప్రెజెంటేషన్లను ఈ తూకంలో పెడితే దాదాపు అన్నీ ప్రభుసమ్మితం వైపు మొగ్గుతాయి. ఆపాలి, మానాలి, అరికట్టాలి, అవగాహన కల్పించాలి. ఇరవై ఏళ్ల కుర్రాడు తన బెంచీలో కూర్చునే స్నేహితులతో కలెక్టరు గొంతుతో మాట్లాడుతుంటాడు. కిందికి దిగగానే మళ్లీ ‘ఏరా, ఎలా చెప్పాను?’ అంటాడు. అప్పటిదాకా సుహృత్తులుగా ఉన్నవాళ్లు ఆ ఏడు నిమిషాలూ ప్రజలైపోయారన్న మాట.

‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

వరకట్నం మీద ప్రెజెంటేషన్ తీసుకుంటే ఈ సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మామూలు వరస ఇది: కట్నం అంటే ఏమిటి, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం, కొన్ని వార్తల క్లిప్పింగులు, ఉరితాడు బొమ్మో మంటల బొమ్మో, ‘కట్నం అడిగేవాడు గాడిద’ లాంటి ఒక నినాదం, చివర సమాజం. ఇందులో తప్పు సమాచారం ఏమీ లేకపోవచ్చు. కానీ ఆ మాటలు వింటున్నది ఎవరు? ఇంజనీరింగ్ మూడో సంవత్సరం క్లాసు. అక్కడి అబ్బాయిల్లో చాలామందికి మరో అయిదారేళ్లలో పెళ్లి సంబంధాలు వస్తాయి. ప్యాకేజీ ఎంత, హైదరాబాద్‌లోనా బెంగళూరులోనా, అమెరికా వెళ్తే వీసా ఏమిటి అన్నవాటిని బట్టి ఇంట్లోవాళ్లు అంకెలు మాట్లాడుకుంటారు. అమ్మాయిల్లో కొందరి ఇళ్లలో ఇప్పటికే ఓ స్థలమో ఫిక్స్‌డ్ డిపాజిట్టో ‘దాని పెళ్లికి’ అని పక్కన పెట్టి ఉంటుంది. కట్నం గురించి మాట్లాడటానికి ఇంతకంటే సరైన శ్రోతలు రాష్ట్రంలో ఎక్కడా దొరకరు. వాళ్లను ఎదురుగా పెట్టుకుని ‘సమాజం’ వైపు తిరిగి మాట్లాడటం ఒక అలవాటుగా మారిపోయింది.

1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాక ఇవ్వడం కూడా నేరం. ఈ ముక్క చాలా స్లైడ్ల మీద ఉంటుంది, చదివేసి ముందుకు పోతారు. దాన్ని ఆ క్లాసుకే తిప్పి చెబితే ఒక్కసారిగా గది నిశ్శబ్దమవుతుంది, ఎందుకంటే ఇచ్చినవాళ్లు ఎవరింట్లో లేరు? తిడితే ఆ నిశ్శబ్దం రాదు. అక్కడున్న ప్రతి ఒక్కరూ లోపల ‘మా అక్క పెళ్లికి...’ అని ఒక లెక్క వేసుకుంటారు. అరిస్టాటిల్ తర్కరూపాల్లో ముఖ్యమైనదిగా పట్టుకున్నది ఇదే. వాదంలో సగం చెప్పేవాడు చెబుతాడు, మిగతా సగాన్ని వినేవాడు తన అనుభవంలోంచి పూరిస్తాడు. తాను పూరించినదాన్ని తానే కాదనడం ఎవరికైనా కష్టం.

ప్రెజెంటేషన్లలో బొత్తిగా కనపడని కోణం మరొకటుంది. దురాచారానికి కూడా దాని రెటరిక్ దానికి ఉంటుంది, అది చాలా నేర్పుగా ఉంటుంది. పెళ్లిచూపుల గదిలో ‘కట్నం ఎంత?’ అని అడిగేవాళ్లు తక్కువ. ‘మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటే అది’ అంటారు. ఆ మాటలో అడగడం లేదు, కానీ ఇవ్వకపోతే కూతురికి ద్రోహం చేసినట్టు. లాంఛనాలు, పెట్టిపోతలు, ఆడపడుచు కట్నం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం, అమ్మాయి వాటా, ఈ మాటల్లో ఒక్కోటీ ఒక్కో తెర. పసుపు కుంకుమ అన్నాక దాన్ని నేరం అనడానికి ఎవరికి నోరొస్తుంది? బాల్య వివాహానికి ‘మంచి సంబంధం వచ్చింది’ అనేది తెర. ఆడపిల్లను ‘గుండెల మీద కుంపటి’ అనేశాక, ఆ కుంపటిని దించుకోవడం తండ్రి బాధ్యతగా మారిపోతుంది, వయసు లెక్క వెనక్కి పోతుంది. రెటరిక్ మీద ఒక బ్యాచ్, సామాజిక సమస్యల మీద మరో బ్యాచ్ ప్రెజెంటేషన్ ఇచ్చే క్లాసులో ఈ రెండూ కలిసే చోటు సరిగ్గా ఇదే. ప్రకటనల్ని, రాజకీయ ప్రసంగాల్ని విప్పి చూపించే విద్యార్థులు తమ ఇంటి హాల్లో నడిచే సంభాషణను కూడా అదే చేత్తో విప్పగలరు. దానికి యూట్యూబ్ క్లిప్పు కూడా అక్కర్లేదు.

అంకెల దగ్గర మరో రకం చిక్కు వస్తుంది. బాల్య వివాహాల మీద మాట్లాడే ప్రతివాళ్లూ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూపిస్తారు: ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. స్లైడు మీద అది ‘ఆంధ్రలో ప్రతి 100 పెళ్లిళ్లలో 29 బాల్య వివాహాలే’ అని మారిపోతుంది. సర్వే అన్నది అది కాదు. సర్వే జరిగేనాటికి 20 నుంచి 24 ఏళ్ల వయసున్న ఆడవాళ్లలో, 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఎంతమంది అన్నదే ఆ అంకె. అంటే ఆ పెళ్లిళ్లు అంతకు కొన్నేళ్ల ముందే జరిగాయి. ఇవాళ జరిగే పెళ్లిళ్ల లెక్క అందులో లేదు. తేడా చిన్నదిలా ఉంటుంది గానీ, వినేవాళ్లలో ఒక్కరికి ఈ సంగతి తెలిసినా చెప్పేవాడి మీద నమ్మకం అక్కడితో పోతుంది. లోగోస్ తప్పితే దెబ్బ తగిలేది ఈథోస్‌కు. గుండ్రాలు విడివిడిగా గీయడం వల్ల ఈ ముడి కనపడదు.

అంకెను ఎలా వాడాలో తెలుగులో పాత ఉదాహరణ ఒకటుంది. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల జాబితా తీయించాడు. ఆ లెక్కలు గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన తన నాటకానికి రాసిన ఇంగ్లిష్ పీఠికలో ఉన్నాయి. మొత్తం 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. వయసు తగ్గుతున్నకొద్దీ అంకె తగ్గుతుంది, చదివేవాడి ఒళ్లు మాత్రం అంతకంతకూ జలదరిస్తుంది. ఈ వరసను గురజాడ అలా దించుకుంటూ రావడంలోనే నేర్పు ఉంది. అదే చోట ఆయన ఇంకో పని చేశాడు. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు కాబట్టి ఈ జాబితా సమగ్రం కాదని ముందే చెప్పేశాడు. తన లెక్కకున్న లోపాన్ని తానే బయటపెట్టినవాడి లెక్కను అనుమానించడం కష్టం. పైగా ఆ అంకెల్లో ఒక్కటి కూడా నాటకంలోకి రానివ్వలేదు. పీఠిక చదివేవాడికి లెక్క, నాటకం చూసేవాడికి నవ్వు. ఏడు నిమిషాల ప్రెజెంటేషన్లో పద్నాలుగు శాతాలు చూపించేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం వేరే ఉండదు.

కథలు చెప్పేవాళ్ల విషయం వేరు. ‘మా ఊళ్లో ఒక అమ్మాయి’ అని మొదలవగానే వెనక బెంచీల్లో ఫోన్లు కిందికి దిగుతాయి. పేథోస్ బలం అది. అయితే ఆ అమ్మాయి ఊరు, వీధి, ఆమె చదివిన స్కూలు, తండ్రి పని, ఇన్ని వివరాలు పడ్డాక పేరు చెప్పకపోయినా చెప్పినట్టే. అదే మండలం నుంచి వచ్చినవాళ్లు క్లాసులో ఇద్దరైనా ఉంటారు. సాయంత్రానికి అది హాస్టల్లో చర్చ. ఒకరి కష్టాన్ని తన మాటకు బలంగా వాడుకునేటప్పుడు ఆ మనిషి ఒప్పుకున్నదా అన్న ప్రశ్న ప్రెజెంటేషన్ తర్వాత ఎవరూ అడగరు, ఎందుకంటే అప్పటికే కొందరి కళ్లు చెమర్చి ఉంటాయి. కన్నీళ్లు వచ్చిన చోట విమర్శ మర్యాద కాదని మనకో అభిప్రాయం. అక్కడ అడగాల్సిన ప్రశ్న మాత్రం చాలా మామూలుది: ఈ వివరాలు తీసేసినా కథ నిలబడేదా?

ఆడపిల్లల్ని రక్షించండి అనే పోస్టర్లలో పేథోస్ ఇంకో రకంగా దారి తప్పుతుంది. ‘ఆడపిల్లను పుట్టనివ్వకపోతే కోడలు ఎక్కడి నుంచి వస్తుంది? అమ్మ ఎక్కడి నుంచి వస్తుంది?’ అన్న తరహా నినాదాలు దేశమంతటా గోడల మీద కనిపిస్తాయి. విద్యార్థుల స్లైడ్లలోకి అవి నేరుగా దిగుతాయి. విన్నవాళ్లు తలూపుతారు కూడా. నిదానంగా చూస్తే, ఆడపిల్ల ఎందుకు బతకాలంటే ఎవరికో కోడలు కావడానికి, ఎవరినో కనడానికి అన్నట్టుంది ఆ వాదం. ఆడపిల్ల వద్దనుకునే ఇంట్లో ఉన్న ఆలోచనకూ దీనికీ పెద్ద దూరం లేదు. ఇద్దరూ ఆమె వల్ల ఎవరికేం ఉపయోగం అనే లెక్కే వేస్తున్నారు. ఇలాంటి నినాదం ఎదురైనప్పుడు ‘హత్తుకునేలా ఉంది’ అని రాసే కాగితం కన్నా, దాన్ని పట్టుకుని ఒక్క ప్రశ్న వేసే కాగితం ఎంతో మేలు.

ఒప్పించడం నిజంగా ఎలా జరిగిందో చూడాలంటే రాజమండ్రికి వెళ్లాలి. హిందూ వితంతువుల పునర్వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. ప్రభువు ఆజ్ఞ వచ్చేసింది. గోదావరి ఒడ్డున మాత్రం ఆ చట్టం కాగితంగానే ఉండిపోయింది. కందుకూరి వీరేశలింగం 1879లో వితంతు వివాహం మీద బహిరంగంగా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. మొదటి పెళ్లి జరిగింది 1881 డిసెంబర్ 11న. చట్టానికీ పెళ్లికీ మధ్య పాతికేళ్లు.

వీరేశలింగం ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకు బాగా తెలుసు. ఎదురుగా ఉన్నది శాస్త్రం తప్ప ఇంకో ప్రమాణం ఒప్పుకోని పండితులు, వాళ్ల మాట కోసం చూసే గృహస్థులు. వాళ్ల ముందు స్వేచ్ఛ, సమానత్వం అని మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవారు. అందుకని పరాశర స్మృతిని పట్టుకున్నాడు. భర్త కనపడకుండా పోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీకి మరో భర్తను విధించవచ్చని చెప్పే శ్లోకం అందులో ఉంది. అంతకు ముందే, 1855లో బెంగాల్లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ వాదన కట్టింది కూడా దీని మీదే. ఈ శ్లోకానికి వేరే అర్థాలు చెప్పి ఖండించినవాళ్లు తెలుగునాట లేకపోలేదు, వాదోపవాదాలు బాగానే సాగాయి. అయితే ఆ ఖండనలతోనే ఒక పని జరిగిపోయింది. అంతవరకూ మాట్లాడటానికే వీల్లేని విషయం పండితులు చర్చించే విషయమైంది.

ఈ పద్ధతికి ఒక ఖరీదు ఉంది, దాన్నీ చెప్పాలి. ‘శాస్త్రం ఒప్పుకుంది కాబట్టి చేయవచ్చు’ అన్నప్పుడు, శాస్త్రం ఒప్పుకోకపోతే చేయకూడదా అన్న ప్రశ్న వెనకే వస్తుంది. ఎదుటివాళ్ల ప్రమాణంతోనే వాళ్లను ఒప్పిస్తే ఆ ప్రమాణానికి ఇంకాస్త బలం ఇచ్చినట్టే. వీరేశలింగం శ్లోకాల దగ్గరే ఆగలేదు. తన పత్రిక వివేకవర్ధనిలో వెక్కిరింత వాడాడు, ప్రహసనాలు రాశాడు. అన్నిటికీ మించి పెళ్లిళ్లు తానే దగ్గరుండి చేయించాడు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు తెచ్చి వండిపెట్టింది. ఈథోస్ అనే మాటకు ఆ బిందెకన్నా మంచి నిర్వచనం ఏ స్లైడు మీదా ఉండదు. ఆ పెళ్లిళ్లకు అండగా నిలిచినవాళ్లలో విద్యార్థులు ఉన్నారన్నది కూడా, సెమినార్ హాల్లో కూర్చున్నవాళ్లు గమనించాల్సిన సంగతి.

చెప్పేదానికీ చేసేదానికీ పొంతన లేనప్పుడు మనవాళ్లు వాడే సామెత ‘చెప్పేవి శ్రీరంగ నీతులు’. దాని రెండో సగం ఒక కులాన్ని, వాళ్ల గుడిసెల్ని తక్కువ చేస్తుంది. సామాజిక న్యాయం మీద ప్రెజెంటేషన్లో పూర్తి సామెత వాడి నవ్వులు రాబట్టిన వక్త తన ఈథోస్‌ను తానే పోగొట్టుకున్నట్టు. ఫీడ్‌బ్యాక్ కాగితాల్లో దీన్ని పట్టుకునేవాళ్లు అరుదు, ‘సామెతలు బాగా వాడారు’ అని మార్కు పడుతుంది.

దూబగుంట కథ దీనికి పూర్తిగా వేరు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రిపూట చదువు నేర్చుకోవడానికి వచ్చే కూలి ఆడవాళ్లు ఒకచోట చేరి తమ బతుకుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మాట ఎటు తిరిగినా సారా దగ్గరికే చేరేది. కూలి డబ్బులు సారా కొట్టుకు పోతున్నాయి, ఇంటికి వచ్చేవి తన్నులు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ తర్వాత జరిగినది రెటరిక్ చదివేవాళ్లందరూ చూడాల్సింది. ఆ ఊరి విజయం ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా వాచకంలోకి వచ్చింది. మిగతా ఊళ్ల ఆడవాళ్లు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివిన కథలో ఉన్నది తమలాంటివాళ్లే, తమ జిల్లావాళ్లే. ‘మద్యం ఆరోగ్యానికి హానికరం’ అని ఆ పాఠం చెప్పలేదు. ఆ సంగతి వాళ్లకు డాక్టరుకన్నా బాగా తెలుసు. పక్క ఊళ్లో ఆడవాళ్లు కొట్టు మూయించారు అని చెప్పింది, అంతే. మిగతా సగాన్ని చదివినవాళ్లు పూరించుకున్నారు.

అది అక్కడితో ఆగలేదు. సారా వేలంపాటలు అడ్డుకున్నారు. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని కొట్ల ముందు కూర్చున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో మద్యనిషేధం పెద్ద వాగ్దానమైంది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. ఈ చివరి వాక్యాన్ని చాలా ప్రెజెంటేషన్లు వదిలేస్తాయి, కథ గెలుపుతో ముగిస్తే చప్పట్లు బాగా పడతాయని కాబోలు. ఎత్తివేతను కలిపి చెబితేనే అసలు ప్రశ్న ముందుకు వస్తుంది. ఊరి ఆడవాళ్లను కదిలించిన మాట ఎందుకు పనిచేసింది? ఖజానా లెక్కల ముందు అదే మాట ఎందుకు చాలలేదు? అక్కడ వినేవాళ్లు వేరు, వాళ్ల ప్రమాణం ఆదాయం. కూలి డబ్బుల గోడును ఆదాయం భాషలోకి మార్చి చెప్పేవాళ్లు ఆ దశలో తక్కువయ్యారన్నది ఈ వ్యాసం అంచనా.

కులం గురించి ప్రెజెంటేషన్లు తక్కువ వస్తాయి. వచ్చినా భూతకాలంలో వస్తాయి: ‘పూర్వం అంటరానితనం ఉండేది’, ‘మహనీయులు దాన్ని రూపుమాపారు’. క్రియ ఒక్కటి భూతకాలంలోకి జరిగితే క్లాసులో అందరికీ ఊపిరి ఆడుతుంది. ఎవరూ ఎవరి వైపూ చూడక్కర్లేదు. ఇంటిపేరు అడిగి కులం ఆరా తీయడం, ఊళ్లో వేరువేరు శ్మశానాలు, హాస్టల్లో గ్రూపులు, వీటిలో ఏదో ఒకటి వర్తమానంలో చెబితే గదిలో గాలి మారిపోతుంది. వ్యాకరణంలో కాలం కూడా రెటరికే. వినేవాళ్లే దొరకని స్థితిని గుర్రం జాషువా 1941లో ఒక కావ్యానికి పునాదిగా చేసుకున్నాడు. గుడిలోకి రానివ్వని మనిషి కాశీలోని శివుడికి తన గోడు చెప్పుకోవాలి. మనుషుల్లో ఎవరి ద్వారా చెప్పుకున్నా అది చేరదు. గబ్బిలానికి గుడిలో అడ్డు లేదు, దేవుడి చెవి దగ్గర వేలాడుతుంది. అందుకని దాంతో చెప్పి పంపాడు. మనిషికి మూసిన తలుపు గబ్బిలానికి తెరిచి ఉందన్న ఒక్క ఊహలో వాదమంతా ఇమిడిపోయింది. చదివేవాడికి తాను ఏ తలుపు పక్కన నిలబడి ఉన్నాడో తెలిసిపోతుంది.

ప్రెజెంటేషన్ చివర ‘ఎనీ క్వశ్చన్స్?’ అని అడిగినప్పుడు వచ్చే మౌనం మీద కూడా కొంచెం ఆలోచించాలి. స్నేహితుణ్ణి ఇరుకున పెట్టకూడదని కొందరు ఊరుకుంటారు. తన వంతు వచ్చినప్పుడు వాడూ ఊరుకోవాలి మరి. అడిగేవాళ్లలో కొందరు పడగొట్టడానికే అడుగుతారు. గౌతమ మహర్షి రాసిన తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాల్లో దీనికి చక్కని విభజన ఉంది. నిజం తేల్చుకోవడానికి ఇద్దరూ మాట్లాడుకుంటే వాదం, గెలవడానికే మాట్లాడితే జల్పం, తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాడి మాటను కొట్టేయడమే పని అయితే వితండ. మూడోది ‘వితండవాదం’గా మన ఇళ్లలో రోజూ వినిపిస్తుంది. మొదటిది తర్కం చెప్పిన అర్థంలో ఎక్కడా వినపడటం లేదు. ప్రశ్న అడగడమే వితండం అనుకునే క్లాసులో ఇక మిగిలేవి చప్పట్లే.

కాబట్టి ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఏం రాయాలన్నది చిన్న విషయమేమీ కాదు. ఒక మామూలు సందర్భం చూద్దాం. అంశం ఆన్‌లైన్ బెట్టింగ్. మాట్లాడిన విద్యార్థి అప్పులపాలైనవాళ్ల వార్తలు చూపించి, ‘ప్రభుత్వం వెంటనే వీటిని నిషేధించాలి’ అని ముగించాడు. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. అంటే అతను అడిగింది ఎప్పుడో వచ్చేసింది. విన్నవాళ్లలో కొందరి ఫోన్లలో యాప్ ఇంకా ఉంది. అలాంటి ప్రెజెంటేషన్ విన్న ఒక తోటి విద్యార్థి కాగితం ఇలా ఉంటే సరిపోతుంది: ‘వార్తలు చూపించినప్పుడు భయం వేసింది. నిషేధించాలి అన్నప్పుడు ఆ భయం పోయింది, ఎందుకంటే అది నా పని కాదు అనిపించింది. నిషేధం ఉండగానే మన హాస్టల్లో ఐపీఎల్ రోజుల్లో ఎలా ఆడుతున్నారో నీకు తెలుసు, నాకూ తెలుసు. పోయిన డబ్బులు రాబట్టుకోవాలని మళ్లీ ఆడేవాడితో రాత్రి పదకొండింటికి ఏం మాట్లాడాలో ఒక్క స్లైడు పెట్టి ఉంటే, అది నాతో చెప్పినట్టు ఉండేది.’